మా తోట పక్క గ్యాస్ మంట ఆరిపోయిన రాత్రి గాల్లోకి ఎంత పోయింది? అది కొలిచేవాళ్లెవరు?

లంక_తోట:

అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమ, రాజోలు వైపు. మా కొబ్బరి తోట దాటాక పంట కాలువ, కాలువ దాటాక ఒక గ్యాస్ స్టేషన్ ఉంది, చుట్టుపక్కల బావుల్లోంచి గ్యాస్ వచ్చి అందులో కలుస్తుంది. కంపెనీ పేరు రాయను, గొడవ పెట్టుకోవాలని ఈ పోస్టు పెట్టడం లేదు. ఆ స్టేషన్లో మిగిలిన గ్యాస్‌ను మండించే ఒక మంట గుంట ఉంది, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మండుతూనే ఉంది. రాత్రి మా తోటలోకి వెళ్తే కొబ్బరి మట్టలు అడుగువైపు ఎర్రగా, పైవైపు నల్లగా కనిపిస్తాయి, వెలుతురు కింద నుంచి వస్తుంది కాబట్టి. అలవాటైపోయింది మాకు.

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా నాన్న నన్ను లేపారు. మంట లేదు. తోటంతా చీకటి. కానీ గుంట వైపు నుంచి బుస్సుమని చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. వాసన ఏమీ లేదు. మా అమ్మ వెంటనే ఇంట్లో దీపం కూడా వెలిగించొద్దంది, తెల్లారే దాకా పొయ్యి ముట్టుకోనివ్వలేదు. పాశర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది కదా, మా అమ్మ అప్పుడు ఆ ఊరి పక్కనే ఉండేది, ఆ భయం ఇప్పటికీ పోలేదు. రెండున్నర ప్రాంతంలో మళ్లీ మంట వచ్చింది. పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర అడిగితే "చిన్న ట్రబుల్ అండి, సరిచేశాం" అన్నారు, అంతే.

నేను బీఎస్సీ చదివాను, బావి గ్యాస్‌లో ఎక్కువగా ఉండే మీథేన్ సంగతి కొంచెం తెలుసు, కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుందని చదివాను. నా సందేహం ఏమిటంటే, ఆ మూడు గంటల్లో ఎంత గ్యాస్ మండకుండా పోయిందో ఎక్కడైనా రాస్తారా? రోజూ మండే మంటలోంచి ఎంత పోతోందో ఎవరైనా కొలుస్తారా, లేక అంకె ఏదో వేసేస్తారా? శాటిలైట్లు చూస్తున్నాయంటారు, మా ఊరిది కనిపిస్తుందా? మనలాంటి వాళ్లు అడగాలంటే ఎవరిని అడగాలి? ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

తణుకు_టు_మిడ్లాండ్:

లంక_తోట గారూ, నేను టెక్సాస్‌లో మిడ్లాండ్ దగ్గర లీకులు వెతికే పనిలోనే ఉన్నాను, ఏడేళ్లు అయింది. మీ అమ్మగారు చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని, ముందు అది చెప్పాలి. మీథేన్ గాలి కంటే తేలిక, పైకి పోతుంది, కానీ బావి గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ లాంటి బరువైనవి కూడా ఉంటాయి, అవి పల్లానికి దిగి కాలువ గట్ల కింద, పొదల్లో నిలుస్తాయి. వాసన లేదని ధైర్యపడొద్దు. ఇంట్లో సిలిండర్ గ్యాస్‌కు ఉండే వాసన మనం కలిపింది, బావి నుంచి వచ్చే గ్యాస్‌కు అది ఉండదు. మళ్లీ ఎప్పుడైనా చప్పుడు ఉండి మంట లేకపోతే గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, గుంట దగ్గరికి పోకుండా, గాలికి అడ్డంగా పక్కకు దూరంగా వెళ్లిపోండి, 112కి ఫోన్ చేయండి.

ఇప్పుడు లెక్క. మీ మంటలో రోజుకు ఎంత మండుతుందో నాకు తెలియదు, ఉదాహరణకు రోజుకు 10,000 ఘనపు మీటర్లు అనుకుందాం, అంతా మీథేనే అనుకుందాం. అది దాదాపు 6.8 టన్నులు. కంపెనీలు, ప్రభుత్వాలు కాగితం మీద వాడే అంకె ఏమిటంటే మంటలో 98 శాతం కాలిపోతుంది, 2 శాతం మిగులుతుంది. అంటే రోజుకు 136 కిలోలు మండకుండా పోతుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇక్కడ పర్మియన్, ఈగిల్ ఫోర్డ్, బాకెన్ చమురు ప్రాంతాల మంటల మీదుగా విమానంలో తిరిగి కొలిచినప్పుడు, ఆరిపోయిన మంటల్ని కూడా కలిపి చూస్తే నిజంగా నాశనమయ్యే మీథేన్ 91 శాతమే అని తేలింది. 98, 91 వినడానికి పెద్ద తేడా అనిపించదు. కానీ మిగిలేది చూడండి, 136 కిలోలు కాస్తా 612 కిలోలు అవుతుంది, నాలుగున్నర రెట్లు. ఇక మంట పూర్తిగా ఆరిపోతే మొత్తం 6.8 టన్నులూ అలాగే పోతుంది. 20 ఏళ్ల లెక్కన బావుల మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 82.5 రెట్లు, 100 ఏళ్ల లెక్కన 29.8 రెట్లు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ తాజా నివేదికలో ఉంది. 20 ఏళ్ల లెక్క వేస్తే, బాగా మండే రోజున మీ మంట ప్రభావం సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, రోజంతా ఆరిపోయి ఉంటే సుమారు 560 టన్నులతో సమానం. అందుకే ఆ మూడు గంటలు "చిన్న ట్రబుల్" కాదు. మా వృత్తిలో మాకు అన్నిటికంటే భయం వేసేది వెలగని మంటే.

ఎలా కొలుస్తారు అన్నారు కదా. ఎక్కువ చోట్ల కొలవరు, గుణిస్తారు. ఊళ్లో ఎన్ని పాలు వస్తున్నాయో తెలియాలంటే గేదెల్ని లెక్కపెట్టి సగటుతో గుణించినట్టు. ఇన్ని వాల్వులు, ఇన్ని ట్యాంకులు, ఇన్ని కంప్రెసర్లు, ఒక్కోదానికి ఇంత లీకు అని ఎప్పుడో కొలిచిన అంకె, దాంతో గుణకారం. అందులో ఒక గేదె కుండ తన్నేసి పాలన్నీ నేలపాలు చేస్తోందని ఆ లెక్కలో ఎప్పటికీ తెలియదు. లీకులు సమానంగా ఉండవు, పెద్ద లీకులు 5 శాతమే ఉంటాయి, పోయే గ్యాస్‌లో సగానికి పైగా వాటి నుంచే పోతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికా చమురు, గ్యాస్ రంగం మొత్తానికి క్షేత్రంలో కొలిచిన లెక్కలతో చూస్తే ఏడాదికి 1.3 కోట్ల టన్నుల మీథేన్ పోతోందని, అది ప్రభుత్వ లెక్క కంటే సుమారు 60 శాతం ఎక్కువ అని తేలింది. తీసిన గ్యాస్‌లో 2.3 శాతం అన్నమాట.

నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. ఎండాకాలం, ఒక ట్యాంకుల వరుస దగ్గరకు వెళ్లాం. కంటికి ఏమీ లేదు, నీలం ఆకాశం, తుప్పు పట్టిన నిచ్చెన, ట్యాంకు అంచు మీద ఒక పిట్ట. మా కెమెరా 3.3 మైక్రాన్ల దగ్గరి పరారుణ కాంతిని చూస్తుంది, మీథేన్ ఆ కాంతిని మింగేస్తుంది కాబట్టి అందులో పొగలా కనిపిస్తుంది. కెమెరా కంటికి పెట్టుకోగానే ట్యాంకు పైమూత పక్క నుంచి నల్లటి పొగ, కుండలో అన్నం పొంగినట్టు పొంగి గాలివాటుకు పక్క ట్యాంకు మీదుగా పోతోంది. నూనె మట్టం చూడటానికి తెరిచే మూత అది, థీఫ్ హ్యాచ్ అంటాం. లోపలి రబ్బరు చుట్ట ఎండకు బీటలు వారింది. కొత్తది వేయడానికి ఇరవై నిమిషాలు పట్టలేదు. ఎన్ని నెలల నుంచి పోతోందో మాత్రం ఎవరికీ తెలియదు, ఆ ట్యాంకు పేరున కాగితం మీద ఉన్నది మాత్రం మామూలు సగటు అంకె.

రిటైర్డ్_షిఫ్ట్:

బాబూ, నేను 31 ఏళ్లు గ్యాస్ స్టేషన్లలో షిఫ్టులు చేసి రిటైరయ్యాను. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఎక్కడైనా పద్ధతి దాదాపు ఇదే. మిడ్లాండ్ బాబు చెప్పింది నిజం, లోపల ఏం జరుగుతుందో నేను చెప్తాను.

బావి నుంచి వచ్చింది ముందు సెపరేటర్‌లోకి వెళ్తుంది. అక్కడ గ్యాస్, నీళ్లు, కండెన్సేట్ అనే తేలికపాటి నూనె విడిపోతాయి. ఎక్కువ ప్రెషర్ ఉన్న గ్యాస్ పైపులైన్‌లోకి వెళ్తుంది. పాత బావుల్లో ప్రెషర్ తగ్గిపోతుంది, ఆ గ్యాస్‌ను లైన్‌లోకి నెట్టాలంటే కంప్రెసర్ కావాలి, కంప్రెసర్ లేకపోయినా, రిపేరులో ఉన్నా, అవతల గ్యాస్ తీసుకునే ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో ఉన్నా అది మంటకే పోతుంది. ట్యాంకుల్లోంచి వచ్చే ఆవిరి కూడా అంతే. కొంత మంట భద్రత కోసం ఉండాల్సిందే, ప్రెషర్ ఒక్కసారిగా పెరిగితే పోవడానికి దారి కావాలి కదా. కానీ ఏళ్ల తరబడి రాత్రీ పగలూ మండేది భద్రత కోసం కాదు, ఆ గ్యాస్ పట్టుకోవడానికి సామాను పెట్టలేదని అర్థం.

మంట ఎందుకు ఆరుతుందంటే, పక్కన చిన్న పైలట్ మంట ఉంటుంది, గాలివానకు అది ఆరిపోతుంది. లేదా సెపరేటర్‌లో మట్టం చూసే వాల్వు ఇరుక్కుని నీళ్లు గ్యాస్ లైన్‌లోకి తన్నుకొస్తాయి, ఒక్క దెబ్బకు మంట ఆరుతుంది. పైలట్ దగ్గర వేడి చూసే తీగ ఒకటి ఉంటుంది, థర్మోకపుల్, అది చల్లబడితే కంట్రోల్ రూంలో అలారం మోగాలి. ఆ తీగ కాలిపోయి ఉంటే మోగదు. అప్పుడు ఎవరో ఒకరు బయటికి వచ్చి చూసేదాకా తెలియదు. మీ నాన్నగారిలాంటి వాళ్లు చెప్తేనే తెలిసిన రాత్రులు నా సర్వీసులో ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి, రిజిస్టరు. మంట లైన్‌కు మీటరు ఉంటే ఆ అంకె రాస్తాం. నేను పనిచేసిన కొన్ని చోట్ల మీటరు లేదు, ఉన్నా తక్కువ ప్రవాహానికి సరిగా చూపించేది కాదు. అప్పుడు ఏం చేస్తామంటే, బావుల నుంచి వచ్చింది ఇంత, అమ్మింది ఇంత, మనం స్టేషన్లో వాడుకున్నది ఇంత, మిగిలింది మంట. తీసివేత లెక్క. ఆ మిగిలిన దాంట్లోనే మీటర్ల తేడాలు, లీకులు, మంట ఆరినప్పుడు పోయింది, అన్నీ కలిసిపోతాయి, పైనుంచి చూసేవాళ్లకు అంతా మండినట్టే కనిపిస్తుంది. చాలా రాత్రులు ఆ అంకె నా చేత్తోనే రాశాను. అప్పట్లో అది తప్పని ఎవరూ చెప్పలేదు, మాకు లీకు అంటే ప్రమాదం, అంతే, ఫ్లాంజికి, అంటే పైపుల అతుకుకు, సబ్బు నీళ్లు బ్రష్షుతో పూసి బుడగలు వస్తే బోల్టులు బిగించేవాళ్లం. వాతావరణం ఆలోచన ఉండేది కాదు. ఇప్పుడు మనవళ్లు ఎండలకు ఒంటిపూట బడి అంటూ ఇంట్లో కూర్చుంటే ఆ రిజిస్టర్లు గుర్తొచ్చి బాధగా ఉంటోంది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. కరెంటు సరిగా లేని చోట వాల్వులు తెరవడానికి, మూయడానికి గాలికి బదులు బావి గ్యాస్‌నే వాడేవాళ్లం. వాల్వు కదిలినప్పుడల్లా టుస్సుమని కొంత గ్యాస్ బయటికి వస్తుంది. లీకు కాదు, దాని తయారీయే అంత. రోజుకు ఎన్నిసార్లు కదులుతుందో అన్నిసార్లు. ఆ చోట్ల గాలి కంప్రెసర్ పెడితే చాలు, అది మొత్తం ఆగిపోతుంది.

పాలకొల్లు_చేను:

అందరూ పెద్ద చదువులు చదివినవాళ్లలా ఉన్నారు, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీథేన్ మా వరి చేల నుంచి కూడా వస్తుందంటారు, నీళ్లు నిలబెడితే మట్టిలోంచి వస్తుందని వ్యవసాయ శాఖ వాళ్లు కూడా మీటింగులో చెప్పారు. గేదెల నుంచీ వస్తుందట. రేపు మీరు గ్యాస్ కంపెనీ మీద అడిగితే వాళ్లు ఇది మాది కాదు, పక్క చేలది, చెరువులది అంటారు. చివరికి వచ్చి మా మీద పడతారు. రైతుకు నీళ్లు పెట్టొద్దు, గేదెను మేపొద్దు అంటే ఎలా? నాకు ఎకరంన్నర ఉంది, రెండు గేదెలున్నాయి. ఇదే నా భయం.

గచ్చిబౌలి_ఎన్విరాన్‌మెంట్:

పాలకొల్లు_చేను గారూ, మీ భయం న్యాయమైనదే, మన దేశం వైఖరి కూడా అదే. 2021 నవంబర్‌లో గ్లాస్గో సదస్సులో 2030 నాటికి మీథేన్‌ను 2020 స్థాయి నుంచి 30 శాతం తగ్గిస్తామని ఒక ప్రపంచ ఒప్పందం మొదలైంది, 150కి పైగా దేశాలు చేరాయి, భారత్ చేరలేదు. మన మీథేన్‌లో ఎక్కువ భాగం వరి, పశువుల నుంచి వస్తుంది, అది చిన్న రైతు బతుకు, దాని మీద చేయి వేయలేం అన్నది కారణం. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ రైతును కాపాడటానికి చెప్పిన ఆ కారణం గ్యాస్ స్టేషన్ గేటు దగ్గర పనిచేయకూడదు. పైపులోంచి పోయేది అమ్ముకునే సరుకు, దాన్ని పట్టుకుంటే డబ్బు వస్తుంది. చమురు, గ్యాస్ రంగం నుంచి ప్రపంచంలో ఏడాదికి సుమారు 8 కోట్ల టన్నుల మీథేన్ పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. చేలో మీథేన్ మట్టిలో సూక్ష్మజీవులు చేసేది, దాన్ని ఆపడానికి పంట పద్ధతే మారాలి. ఇక్కడ మారాల్సింది రబ్బరు చుట్టా, వాల్వూ.

లంక_తోట గారూ, చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను, నేను పర్యావరణ అనుమతుల కన్సల్టెన్సీలో చేస్తాను. మన దేశంలో చమురు, గ్యాస్ తవ్వకాలకు కేంద్రం 1996లోనే ప్రమాణాలు ఇచ్చింది. గ్యాస్‌ను మండించకుండా గాల్లోకి ఎప్పుడూ వదలకూడదు, అంతా మంటకే పంపాలి అని అందులో స్పష్టంగా ఉంది. మీ దగ్గర మంట నిలువు గొట్టం మీద కాకుండా గుంటలో ఉందన్నారు. నిలువు గొట్టం అయితే కనీసం 30 మీటర్ల ఎత్తు ఉండాలి. ఎత్తు మంట వల్ల చుట్టుపక్కల పంటలకు ఇబ్బంది ఉన్న చోటే గుంట మంట పెట్టుకోవచ్చు, గుంట కాంక్రీటుది అయి ఉండాలి, చుట్టూ వేడి తట్టుకునే ఇటుకతో కనీసం 5 మీటర్ల గోడ ఉండాలి, దాని చుట్టూ 100 మీటర్ల వెడల్పున చెట్లు పెంచాలి, చెట్లకు చోటు లేకపోతే పూర్తిగా మూసి ఉన్న మంట పెట్టాలి. మీ తోట ఆ 100 మీటర్ల లోపల ఉందో లేదో ఒకసారి టేపు పెట్టి చూడండి.

కానీ ఈ నిబంధనల్ని జాగ్రత్తగా చదివితే ఒకటి అర్థమవుతుంది. అవన్నీ వెలుతురు, సెగ, పక్క పంట గురించే. మంటలో ఎంత శాతం కాలుతోంది, ఏడాదికి ఎన్ని కిలోల మీథేన్ పోతోంది అన్న ప్రశ్న వాటిలో లేదు. 1996లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు కాబట్టి. ఇప్పుడు కొంచెం కదలిక ఉంది. 1959 నాటి పెట్రోలియం నిబంధనల స్థానంలో కొత్తవి తెచ్చేందుకు కేంద్రం 2025లో విడుదల చేసిన ముసాయిదాలో, గ్రీన్‌హౌస్ వాయువులను కంపెనీలు గమనించి నివేదించాలని పెట్టారు. స్టాక్ మార్కెట్లో ఉన్న పెద్ద వెయ్యి కంపెనీలు సెబీ నిబంధన ప్రకారం ఏటా తమ ఉద్గారాలను ప్రకటించాలి, కానీ అందులో కంపెనీ మొత్తానికి ఒక అంకె ఉంటుంది, మీ ఊరి స్టేషన్‌ది విడిగా ఉండదు. దేశంలో కొత్తగా వస్తున్న కార్బన్ క్రెడిట్ మార్కెట్లో రిఫైనరీలు, పెట్రోకెమికల్స్ ఉన్నాయి, బావులు లేవు.

నన్ను అడిగితే నివేదించడం ఒకటి, కొలిచి నివేదించడం ఇంకొకటి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2020లో కంపెనీల కోసం పెట్టిన చట్రంలో ఐదు మెట్లున్నాయి. మొదటి మెట్టు, దేశం మొత్తానికి ఒక గుండుగుత్త అంకె. నాలుగో మెట్టు, ఒక్కో పరికరం దగ్గర కొలవడం. ఐదో మెట్టు, డ్రోనో విమానమో పెట్టి స్టేషన్ మొత్తం మీద కొలిచి కింద కూడిన లెక్కతో సరిపోల్చడం, తేడా వస్తే ఎందుకొచ్చిందో వెతకడం. యూరప్ 2024 ఆగస్టు నుంచి చట్టమే తెచ్చింది. లీకులు వెతికి నిర్ణీత గడువులో బాగుచేయాలి, రోజువారీ మంటలు నిషేధం, కొత్త మంటలు 99 శాతం కాల్చేలా ఉండాలి, 2027 నుంచి బయటి దేశాల గ్యాస్, చమురు కొనేటప్పుడు కూడా అదే స్థాయిలో కొలిచారా అని అడుగుతారు. నార్వే అయితే సముద్రంలో చమురు తీసే చోట 1991 నుంచే కార్బన్ పన్ను వేస్తోంది. అక్కడ మంటలో మండే ప్రతి ఘనపు మీటరుకూ మీటరు ఉంటుంది, ఎందుకంటే దానికి బిల్లు వస్తుంది.

తణుకు_టు_మిడ్లాండ్:

పాలకొల్లు గారూ, "ఇది మాది కాదు, పక్క చేలది" అనడం అంత సులువు కాదండి, దానికి పరీక్ష ఉంది. భూమి లోపలి గ్యాస్‌లో మీథేన్‌తో పాటు ఈథేన్ ఉంటుంది. వరి చేలో, గేదె కడుపులో, రొయ్యల చెరువు అడుగున పుట్టే మీథేన్‌తో ఈథేన్ చెప్పుకోదగినంత రాదు. రెండూ కొలిచే పరికరాన్ని కారులో పెట్టుకుని గాలి వీచే వైపు రోడ్డు మీద అటూ ఇటూ తిరిగితే, మీథేన్ పెరిగిన చోటే ఈథేన్ కూడా పెరిగితే అది గ్యాస్ స్టేషన్‌ది. మీ చేను పక్క నుంచి వెళ్తే మీథేన్ ఒక్కటే పెరుగుతుంది. మీలాంటి వాళ్ల మీద నింద పడకుండా కాపాడేది కూడా కొలతే.

శాటిలైట్ల గురించి ఆశ పెట్టుకునే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-5పి రోజూ భూమంతా చూస్తుంది, కానీ దానికి ఒక్కో చుక్క 5.5 కిలోమీటర్లు బై 7 కిలోమీటర్లు, గంటకు టన్నుల కొద్దీ పోతే తప్ప విడిగా గుర్తుపట్టలేదు. జీహెచ్‌జీశాట్, 2024 ఆగస్టులో ఎగిరిన టానేజర్-1 లాంటివి దగ్గరగా చూస్తాయి, వాటికీ గంటకు సుమారు 100 కిలోలు ఉండాలి. పైన వేసిన లెక్కలో మీ మంట నుంచి 91 శాతం దగ్గర కూడా గంటకు 25 కిలోలే. మంట ఆరిన రాత్రి గంటకు 280 కిలోలు పోయి ఉండొచ్చు, కానీ ఇవి సూర్యకాంతితో చూసేవి, రాత్రి చూడలేవు. పైగా కోనసీమలో మేఘాలు, నీళ్లు ఎక్కువ, నీటి మీద మీథేన్ పట్టుకోవడం కష్టం. మీథేన్‌శాట్ అని ఎంతో ఆశపెట్టుకున్నది 2024 మార్చిలో ఎగిరింది, 2025 జూన్‌లో సంబంధాలు తెగిపోయాయి, ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మంట వేడి మాత్రం రాత్రి పూట శాటిలైట్లకు కనిపిస్తుంది. నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్ ఉచితం, మీ ఊరు వెతికి ఎర్ర చుక్క ఎన్ని రాత్రులు ఉందో చూడండి. చిన్న మంటలు కనిపించకపోవచ్చు, అయినా ప్రయత్నించండి.

ఇక్కడ అమెరికాలో అన్నీ సవ్యంగా ఉన్నాయని అనుకోకండి. 2023 డిసెంబర్‌లో ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ మంచి నిబంధనలు ఖరారు చేసింది, గంటకు 100 కిలోలకు మించి పోయే చోట్లను బయటివాళ్లు కనిపెట్టి చెప్పినా కంపెనీ వెళ్లి చూడాలి అని కూడా ఉంది. 2025లో గడువులు వెనక్కి జరిపారు. ఎక్కువ మీథేన్ వదిలితే టన్నుకు 900 డాలర్లతో మొదలయ్యే రుసుమును 2034కి నెట్టేశారు. నేను పనిచేసే చోట నాకు ఇంకొకటి కనిపిస్తుంది. పర్మియన్ ఒకటే క్షేత్రం, మధ్యలో రాష్ట్ర సరిహద్దు గీత ఉంది. న్యూమెక్సికో వైపు 2026 చివరికి 98 శాతం గ్యాస్ పట్టుకోవాలని రాష్ట్రం నిబంధన పెట్టింది. టెక్సాస్ వైపు మంటకు మినహాయింపు అడిగితే ఇస్తారు. రాత్రి కారులో ఆ గీత దాటుతుంటే కొన్ని రోడ్ల మీద మంటల సంఖ్యలో తేడా నా కళ్లకే తెలుస్తుంది. కాబట్టి చేతకాక జరగడం లేదు అన్న మాట నేను నమ్మను.

రిటైర్డ్_షిఫ్ట్:

లంక_తోట బాబూ, అడగాలంటే సరైన మాటతో అడుగు, లేకపోతే డొంకతిరుగుడు జవాబు వస్తుంది. "ఎంత గ్యాస్ లీకైంది" అని అడిగితే "లీకేమీ లేదు" అంటారు. ఫలానా తేదీ రాత్రి షిఫ్టు లాగ్‌బుక్ కాపీ అడుగు. ఆ రోజు ఫ్లేర్ ఫ్లో మీటరు, అంటే మంట లైన్ మీటరు, రీడింగు అడుగు, మీటరు చివరిసారి ఎప్పుడు సరిచూశారో అడుగు. పైలట్ అలారం రికార్డు అడుగు. ఈ నాలుగూ కాగితాలు, ఉన్నాయో లేవో చెప్పాల్సిందే.

గచ్చిబౌలి_ఎన్విరాన్‌మెంట్:

సార్ చెప్పింది బంగారం లాంటి సలహా. ప్రభుత్వ రంగ కంపెనీ అయితే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి నేరుగా వాళ్లనే అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రైవేటు అయితే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉన్న ఫైలు అడగండి. ఇంకొకటి, ఆ స్టేషన్‌కు పర్యావరణ అనుమతి ఉంటే, షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి నివేదిక ఇవ్వాలి, అది అందరూ చూసేలా ఉండాలి. అందులో మంట గోడ, చెట్ల పట్టీ గురించి ఏం రాశారో చూడండి, మీరు టేపు పెట్టి చూసినదానితో పోల్చండి.

లంక_తోట:

అందరికీ చేతులెత్తి దండం అండి. నాలుగు రోజులుగా మీరు చెప్పినవి ఒక్కొక్కటీ చేస్తున్నాను. ఫర్మ్స్ మ్యాప్‌లో మా ఊరి మీద చుక్క కనిపించింది, అన్ని రాత్రులూ లేదు, మబ్బు లేని రాత్రులు ఉంది. టేపు బదులు మా తమ్ముడు, నేను కాలువ గట్టు మీద కొబ్బరి తాడు పట్టుకుని కొలిచాం. గోడకూ మా తోట మేరకూ 64 మీటర్లు వచ్చింది. మధ్యలో చెట్ల పట్టీ అంటూ ఏమీ లేదు, తుమ్మ పొదలు, అంతే. గోడ ఎత్తు దూరం నుంచి సరిగా తెలియలేదు.

పాలకొల్లు గారూ, మీ మాట మా నాన్న కూడా అన్నారు, ఈథేన్ సంగతి చదివి వినిపిస్తే ఊరుకున్నారు. మాకూ రెండెకరాల చేను ఉంది.

సమాచార హక్కు దరఖాస్తులో పెద్దాయన చెప్పిన నాలుగూ అలాగే రాశాను, తేదీ, టైముతో సహా. పోస్టాఫీసులో రిజిస్టర్డ్‌గా వేశాను. మా నాన్న పాత పాల లెక్కల పుస్తకంలో ఖాళీ పేజీల మీద రోజూ రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున లేచినప్పుడు ఒకసారి మంట ఎలా ఉందో రాస్తున్నారు. నిన్న రాత్రి 9:40, మంట ఉంది, పసుపు రంగు, నల్ల పొగ వస్తోంది అని రాశారు. పొగ ఉంటే సరిగా కాలనట్టేనా? అది కూడా ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్_షిఫ్ట్:

నల్ల పొగ అంటే గాలి సరిపోవడం లేదు, లేదా కండెన్సేట్ బొట్లు గ్యాస్‌తో పాటు వస్తున్నాయి. సరిగా కాలనట్టే. ఏ రోజు వచ్చింది, ఎంతసేపు వచ్చింది రాయించు బాబూ, వాన పడిందా లేదా కూడా రాయించు. వీలైతే రోజూ ఒకే చోట నిలబడి ఫోన్‌లో ఫొటో తీయి, ఏదైనా ఒక కొబ్బరి చెట్టు కూడా అందులో పడేలా, మంట ఎత్తు పోల్చుకోవడానికి పనికొస్తుంది.